ఏదో ఒకటి తేల్చుకొమ్మన్నాము

ఈ నెల మేము వ్రాస్తున్న సంగతి మన పత్రికకు కొంచెము కొత్తది. ఐర్లాండు దేశపు రాక్ సంగీత బృందము ఒకటున్నది, దాని పేరు యూటూ. రాక్ సంగీతము అనగానే మన సంఘములలో పెద్దలు ముఖము చిట్లిస్తారని మాకు తెలుసు. నిన్న మొన్నటిదాకా మేమూ ఆ వరుసలో కూర్చున్నవారమే. అయినా కడవరకు చదవండని మనవి.

ఇది మా చెవిని ఎలా పడిందో ముందు చెప్పాలి. గత వేసవిలో యౌవనస్థుల కూటము ముగిశాక, ఇంజనీరింగు చదువుతున్న తమ్ముడొకడు ఫోను పట్టుకొని మా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, ఈ పాట ఏమిటో చెప్పండి చూద్దాం" అన్నాడు. ఇంగ్లీషు పాట. గిటార్లు, డ్రమ్ములు. ఒక్క ముక్క పట్టుబడలేదు. చివరికి వాయిద్యములు ఒక్కొక్కటే ఆగిపోయాయి గాని జనము ఆపలేదు. వేల గొంతులు ఒకే వరుసను పట్టుకొని పాడుతూనే ఉన్నాయి. "ఇది 40వ కీర్తన అయ్యగారూ. వీళ్లు సువార్త సభల వాళ్లు కాదు, స్టేడియములలో పాడే రాక్ వాళ్లు" అన్నాడు. ఇంటికి వెళ్లి, అతడు కాగితముమీద వ్రాసి ఇచ్చిన మాటలను బైబిలుతో సరిచూశాము. నిజమే. ఊబిలోనుండి పైకి తీయబడినవాని కీర్తన. దానికి తోడు 6వ కీర్తనలోని మొర.

మా వేదాంత డిప్లొమాలో ఐర్లాండు అంటే సెయింట్ పాట్రిక్ ఒక్కడే, సంఘచరిత్ర పరీక్షకు అరపేజీ. అంతకుమించి ఆ దేశమును గురించి మేము చదివినదంతా ఈ సంవత్సరములోనే. చదువుతూ ఉండగా, నలభై ఏళ్ల క్రిందట అక్కడ జరిగిన ఒక సంగతి దగ్గర మా చేయి ఆగిపోయింది. దాని కోసమే ఇదంతా.

ఐర్లాండు చిన్న దేశము. 1981లో దాని జనాభా 35 లక్షలు కూడా లేదు. ఆనాటి మన తూర్పు గోదావరి జిల్లాలో అంతకంటె ఎక్కువమంది ఉన్నారు. పనులు దొరకక పిల్లలు ఓడ ఎక్కి ఇంగ్లండుకో, విమానమెక్కి అమెరికాకో వెళ్లిపోయే దేశము. అన్నిటికంటె పెద్ద బాధ ఏమిటంటే, అక్కడ కతోలికులకును ప్రొటెస్టంటులకును మధ్య వైరము. ఉత్తరపు భాగము బ్రిటిషువారి క్రింద ఉన్నది. 1960ల చివరినుండి 1998 వరకు అక్కడి కల్లోలములో 3,500 మంది వరకు చచ్చారు. ఇరువైపులా చంపినవారూ చచ్చినవారూ ఎక్కువమంది క్రీస్తు పేరు పెట్టుకున్న ఇండ్లవారే. మన వీధిలో రెండు సంఘములవారు పలకరించుకోకపోతేనే మనము పెద్ద సంగతిగా చెప్పుకుంటాము.

అటువంటి దేశపు రాజధాని డబ్లిన్‌లో మౌంట్ టెంపుల్ అనే బడి ఉన్నది. రెండు మతశాఖల పిల్లలూ కలిసి చదువుకొనే బడి, ఆ రోజులలో అది అరుదు. 1976లో లారీ ముల్లెన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడు, తాను డ్రమ్ములు వాయిస్తాననీ, కలిసి వాయించేవారు కావాలనీ బడి నోటీసు బోర్డుమీద కాగితము అంటించాడు. సెప్టెంబరు 25న కొందరు పిల్లలు వాళ్ల వంటగదిలో కూడారు. వారిలో మిగిలినది నలుగురు. లారీ, గిటారు వాయించే డేవిడ్ ఎవాన్స్, బేసు గిటారు పట్టుకున్న ఆడమ్ క్లేటన్, పాడే పాల్ హ్యూసన్. డేవిడ్‌ను లోకము ది ఎడ్జ్ అంటుంది, పాల్‌ను బోనో అంటుంది. ఎవరికీ సరిగా వాయించడము రాదు. ఇది మేమంటున్నది కాదు, వారే అనేకసార్లు చెప్పుకొన్నారు.

బోనో తల్లి ప్రొటెస్టంటు, తండ్రి కతోలికుడు. ఆదివారము తల్లి పిల్లలను తీసుకొని ఆంగ్లికన్ గుడికి, తండ్రి తన మాస్‌కు. 1974 సెప్టెంబరులో ఆ తల్లి తన తండ్రి సమాధి కార్యక్రమములోనే కుప్పకూలి, కొద్ది రోజులకే కన్నుమూసింది. పిల్లవానికి పద్నాలుగేళ్లు. నాలుగేళ్ల తరువాత లారీ తల్లి రోడ్డు ప్రమాదములో పోయింది. తల్లిలేని ఇద్దరు పిల్లలు. వారికి బృందమే ఇల్లయింది. మరొక ఇల్లు కూడా దొరికింది, ఆ సంగతికి వస్తాము.

చిన్న దేశమువాడు పెద్ద లోకమునకు పాడి వినిపించాలంటే ఎంత కష్టమో అప్పటి లెక్కలు చూస్తే తెలుస్తుంది. రికార్డు కంపెనీలన్నీ లండనులో. 1978 మార్చిలో లిమెరిక్ పట్టణములో ఒక పోటీ గెలిస్తే 500 పౌండ్లు వచ్చాయి. యూటూ అన్న పేరు పెట్టుకున్నది ఆ రోజులలోనే. 1979లో మూడు పాటల రికార్డు ఒకటి ఐర్లాండులో మాత్రమే విడుదలయింది, మొదటి విడతగా 1,000 ప్రతులు. సముద్రము దాటి లండను వెళ్లి వాయిస్తే వినేవారు పట్టుమని పదుల సంఖ్యలో. 1980లో ఐలాండ్ అనే లండను కంపెనీ వారితో ఒప్పందము చేసుకున్నది. తరువాత నెలల తరబడి అమెరికాలో ఊరూరు తిరిగారు. అంతకుముందు ఐర్లాండులో కాస్త పైకి వచ్చిన పాటగాళ్లలో చాలామంది లండనుకు మకాము మార్చేవారట. వీరు మార్చలేదు. ఇంటికి తిరిగి వచ్చి డబ్లిన్‌లోనే రికార్డు చేశారు, అక్కడే కాపురమున్నారు. పిల్లలను హైదరాబాదుకు పంపి ఖాళీ ఇండ్లలో కూర్చున్న మన పల్లెల తలిదండ్రులకు ఈ మాట విలువ తెలుస్తుంది.

ఇక ఆ రెండవ ఇల్లు. డబ్లిన్‌లో షాలోమ్ అనే చిన్న సహవాసము ఉండేది. ఆత్మవరములను ఆశించి, అపొస్తలుల కార్యములలోని సంఘమువలె ఉమ్మడిగా బ్రతకాలని కోరుకున్న విశ్వాసులు. బోనో, ఎడ్జ్, లారీ ముగ్గురూ దానిలో చేరారు. ఆడమ్ చేరలేదు. అమెరికాలో బస్సులో ప్రయాణము చేస్తూ ఈ ముగ్గురూ వెనుక సీట్లలో కూర్చొని బైబిలు చదివి ప్రార్థించుకొనేవారు. ముందు సీట్లలో ఆడమ్, వారి మేనేజరు పాల్ మెక్‌గిన్నెస్. వీరిద్దరికీ ఆ సంగతి పట్టదు. అయినా బస్సు ఒక్కటే.

1981 మార్చిలో అమెరికాలోని పోర్ట్‌లాండు పట్టణములో, రాబోయే ఆల్బము కొరకు బోనో వ్రాసుకున్న పాటల కాగితములున్న పెట్టె పోయింది. (అది 2004లో తిరిగి దొరికింది. ఎవరో ఒకావిడ ఎన్నో ఏళ్లు భద్రముగా దాచి తెచ్చి ఇచ్చింది.) ఇంటికి వచ్చి, మాటలు లేకుండానే మైకు ముందు నిలబడి, అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడాడు. ఆ సంవత్సరము అక్టోబరులో వచ్చిన ఆ ఆల్బము పేరు కూడ అక్టోబరే. దానిలో ఒక పాటకు మాటలు చాలక లాటిను ఆరాధన మాటలలోకి వెళ్లాడు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు, మాటలు పోగొట్టుకొని దేవుని స్తుతిలో చొరబడ్డాడు.

సరిగ్గా ఆ కాలములోనే సహవాసములోని కొందరు వారిని నిలదీశారు. ఈ సంగీతము, ఈ పేరుప్రఖ్యాతులు, ఈ రాత్రుల తిరుగుడు, ఇవి దేవునివి కావు. బృందమును బలిపీఠముమీద పెట్టుడి, విడిచిపెట్టుడి. చెప్పినవారు దుష్టులని మేము అనము. ప్రేమతోనే చెప్పి ఉంటారు. ముందుగా ఎడ్జ్ మనసు విరిగింది. తాను మానుకుంటానని బోనోకు చెప్పాడు. నువ్వు లేకపోతే నేనూ లేనన్నాడు బోనో. ఇద్దరూ మేనేజరు దగ్గరకు వెళ్లి ఆ మాట చెప్పారు.

మెక్‌గిన్నెస్ కోపపడలేదు. తరువాతి కాలములో వారే చెప్పుకున్న ప్రకారము, ఆయన అడిగినది ఇంతే: అమెరికాలో కచేరీలకు ఒప్పందము వ్రాసుకున్నాము, మీ మాటమీద మనుషులను పనిలో పెట్టుకున్నాము, ఇచ్చిన మాట తప్పమని మీ దేవుడు మీకు చెబుతాడా? ఆ ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేదు.

మా చేయి ఆగినది ఇక్కడే.

మాకు ముప్పై ఏళ్లు నిండని రోజులలో ఒక సంఘమునకు కొత్తగా వెళ్లాము. ఆ పల్లెలో మనవారి పిల్లలు పెళ్లి బ్యాండులో వాయిస్తారు. ఈ పత్రిక చదివే చాలా ఊళ్లలో ఇది ఉన్నదే. ట్రంపెట్టు, డ్రమ్ము, కీబోర్డు, అన్నీ మన పిల్లల చేతులలోనే ఉంటాయి. ముహూర్తముల కాలములో శనివారము రాత్రంతా ఊరేగింపులో వాయించి, తెల్లవారి వచ్చి, ముఖము కడుక్కొని గుడిలో వెనుక గోడకు ఆనుకొని కూర్చుంటారు. ప్రసంగము మొదలయ్యేసరికి నిద్ర. ఆషాఢమాసములో మాత్రము గుడి నిండుతుంది. అందుకే మాకు ఆషాఢమంటే ఇష్టమని మా ఇంట్లోవారు నవ్వుతుంటారు.

వారిలో ఒక తమ్ముడు కీబోర్డు వాయించేవాడు. బ్యాండు కూలి దాచుకొని సొంతముగా కొనుక్కున్నాడు. ఆదివారము దానినే భుజాన వేసుకొని గుడికి తెచ్చి వాయించేవాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాత వరుసలు మా కంటె అతనికే బాగా తెలుసు. సంఘపెద్దలలో కొందరు మా దగ్గరకు వచ్చారు. రాత్రి తాగుబోతుల ముందు సినిమా పాటలు వాయించిన చేతులు ఉదయము పరిశుద్ధ స్థలములో వాయించవచ్చునా అన్నారు. మాకు అది పరిశుద్ధమైన ఆసక్తి అనిపించింది. కొత్త పాస్టరుకు పెద్దలతో మంచిగా ఉండవలెనన్న ఆశ కూడా ఉన్నదని ఇప్పుడు ఒప్పుకోవాలి. అప్పుడు దానిని గుర్తించలేదు.

అతనిని పిలిచి యెహోషువ 24వ అధ్యాయము చదివి వినిపించాము. ఏదో ఒకటి తేల్చుకొమ్మన్నాము. అతడు తల దించుకొని విన్నాడు. కడకు ఒక్కటే అడిగాడు. "అయ్యగారూ, రెండు పెళ్లిళ్లకు అడ్వాన్సు తీసుకున్నాను. ఆ డబ్బు అమ్మ మందులకు అయిపోయింది. ఆ రెండూ వాయించి మానేస్తాను, రెండు వారాలు టైము ఇవ్వండి." మేము ఇవ్వలేదు. నాగలిమీద చెయ్యిపెట్టి వెనుక తట్టు చూసేవానిని గురించి ప్రభువు చెప్పిన మాట ఒకటి తీసి వేశాము. అతడు మారు మాట్లాడలేదు. ఆ రెండు పెళ్లిళ్లూ వాయించాడు. తరువాత ఆదివారమూ రాలేదు, ఆపై ఆదివారమూ రాలేదు. ఏడాదిలోపే హైదరాబాదు వెళ్లి ఏదో ఆర్కెస్ట్రాలో చేరాడని విన్నాము.

ఇచ్చిన మాట నిలుపుకోవాలని ఆ కుర్రవానికి తెలిసింది. బైబిలు చేతిలో పెట్టుకొని కూర్చున్న మాకు తట్టలేదు. ఐర్లాండులో ఆ సంగతిని గుర్తుచేసినవాడు ఏ ప్రార్థన కూటమునకూ రానివాడు. మాకు గుర్తుచేసినవాడు గుడి వెనుక గోడకు ఆనుకొని నిద్రపోయేవాడు. ఇద్దరినీ దేవుడే పంపాడేమో, మేము మాత్రము విననే లేదు.

ఆ ముగ్గురి సంగతికి వస్తే, వారు బృందమును విడువలేదు. కొంత కాలమునకు ఆ సహవాసమే వారికి దూరమయింది. 1982 ఆగష్టులో బోనో వివాహము డబ్లిన్‌లో ఒక ఆంగ్లికన్ గుడిలో జరిగినప్పుడు, తోడు పెళ్లికొడుకుగా నిలబడినది ప్రార్థన ముగ్గురిలో ఒకడు కాదు, బస్సులో ముందు సీటులో కూర్చొనే ఆడమ్.

ఆ తరువాత వార్ అనే ఆల్బము తయారయింది. అప్పటికి పదేళ్ల క్రిందట, 1972 జనవరి 30 ఆదివారమున, డెర్రీ పట్టణములో ఊరేగింపుమీద బ్రిటిషు సైనికులు కాల్పులు జరిపితే ఆ రోజే 13 మంది చనిపోయారు. ఆ ఆదివారము పేరిట ఒక పాట చేశారు. ఏ పక్షమునూ మెచ్చుకోని పాట అది. పాడేటప్పుడు బోనో చేతిలో తెల్ల జెండా ఉండేది. ఆల్బము ముగించే తెల్లవారుజామున ఇంకొక పాట తక్కువయింది. స్టూడియో అద్దె గడువు తీరిపోతున్నది, ఇంకొక బృందము రాబోతున్నది. ఆడమ్ అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. ఉన్న ముగ్గురూ బైబిలు తెరిచి 40వ కీర్తన పట్టుకున్నారు. వ్రాసి, పాడి, సరిచేయడానికి గంట కూడా పట్టలేదని చెప్పుకుంటారు. దానికి పేరు కూడా నలభై అనే పెట్టారు. ఆ తరువాత ఏండ్ల తరబడి చాలా కచేరీలను దానితోనే ముగించారు. బోనో ముందుగా వేదిక దిగిపోతాడు, తరువాత ఒక్కొక్కరు, కట్టకడపట లారీ డ్రమ్ము ఆపి వెళ్లిపోతాడు. జనము మాత్రము పాడుతూ గేటు దాటి వీధిలోకి వెళ్తారు. మేము ఫోనులో విన్నది అదే. మా గుడిలో ముగింపు కీర్తన పాడుతుండగానే చెప్పుల కోసము వెతుకులాట మొదలవుతుంది.

1985 జూలై 13న లండనులో ఇథియోపియా కరువు కోసము జరిగిన లైవ్ ఎయిడ్ సభలో పాడారు. ఆ సంవత్సరమే బోనో, ఆయన భార్య ఆలీ ఇథియోపియాలోని ఒక శిబిరమునకు వెళ్లి, ఫొటోలవారిని వెంటబెట్టుకోకుండా, కొన్ని వారాలు అనాథ పిల్లల మధ్య పనిచేశారు. 1987లో వచ్చిన జాషువా ట్రీ ఆల్బము రెండున్నర కోట్లకు పైగా అమ్ముడుపోయింది. చిన్న దేశపు నలుగురు కుర్రవాళ్లు టైమ్ పత్రిక అట్టమీదికి ఎక్కారు. లెక్కలు ఇంతటితో చాలు.

ఆ 1987లోనే నవంబరు 8 ఆదివారము, ఉత్తర ఐర్లాండులోని ఎనిస్కిల్లెన్ పట్టణములో, యుద్ధములలో చనిపోయినవారిని జ్ఞాపకము చేసుకొనే ఆరాధనకు జనము కూడినప్పుడు ఐ.ఆర్.ఎ. పెట్టిన బాంబు పేలి 11 మంది చనిపోయారు. ఆ రాత్రి యూటూ అమెరికాలోని డెన్వరులో పాడవలసి ఉన్నది. ఎక్కడో దూరాన కూర్చొని మా దేశపు విప్లవమును పొగిడే అమెరికా ఐరిషువారికి వేదికమీదనుండే బోనో గట్టిగా చెప్పాడు, దీనిలో ఏ కీర్తీ లేదని. తన జనములోనే వినడానికి ఇష్టములేని మాట అది.

ఆ బాంబు శిథిలముల క్రింద గోర్డన్ విల్సన్ అనే మెథడిస్టు బట్టల వర్తకుడు తన కుమార్తె మేరీ చెయ్యి పట్టుకొని పడి ఉన్నాడు. ఆమె నర్సు, ఇరవై ఏళ్లు. ఆమె చనిపోయింది. ఆ సాయంకాలమే ఆయన, తనకు ఎవరిమీదా పగ లేదనీ, చేసినవారి కొరకు ప్రార్థిస్తాననీ రేడియోలో చెప్పాడు. ఆయన వేదికలు ఎక్కే పాటగాడు కాడు, మనవంటి సంఘములో బెంచీమీద కూర్చొనే విశ్వాసి. గొంతు మాత్రము స్టేడియముల కంటె దూరము వెళ్లింది. పదిన్నరేళ్లకు, 1998 మేలో, శాంతి ఒప్పందముమీద ఓటు వేయడానికి మూడు రోజుల ముందు, బెల్ఫాస్టు వేదికమీద కతోలికుల నాయకుడు జాన్ హ్యూమ్ చేతిని, ప్రొటెస్టంటుల నాయకుడు డేవిడ్ ట్రింబుల్ చేతిని బోనో కలిపి పైకెత్తాడు. ఉత్తర ఐర్లాండులో నూటికి 71 మంది ఒప్పందమునకు అవునన్నారు.

ఇదంతా విని వీరిని పరిశుద్ధుల పట్టికలో వ్రాయవద్దు. 1993లో బోనో వేదికమీద కొమ్ములు పెట్టుకొని సాతాను వేషము వేశాడు. వెక్కిరింపుకే అయినా, మాకు మింగుడుపడలేదు. ఆ సంవత్సరమే సిడ్నీలో ఆడమ్ తాగి కచేరీకే రాలేకపోయాడు. సాయము చేసే పనివాడు ఆయన స్థానములో వాయించాడు. తరువాత ఆయన తాగుడు మానుకున్నాడు, మిగిలినవారు ఆయనను వదలలేదు. పేద దేశముల అప్పులు మాఫీ చేయమని ప్రభుత్వములను అడిగినవారే, 2006లో పన్ను తగ్గుతుందని తమ వ్యాపారములో కొంత భాగమును నెదర్లాండుకు మార్చుకున్నారు. ఇది వారిమీద న్యాయమైన నింద అని మా అభిప్రాయము. 2014లో అడగనివారి ఫోన్లలోకి కూడా కొత్త ఆల్బమును ఉచితముగా పంపించి చీవాట్లు తిన్నారు.

ఇవన్నీ చదువుతూ ఉంటే మాకు మాటిమాటికి తోచినదొకటి. ఆ 1981లో, బృందము విడువుమనడానికి మారుగా, మీరు వెళ్లండి, మేము మీ కొరకు ప్రార్థిస్తాము, తిరిగి వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో భోజనము చేయండి అని ఎవరైనా ఒక పెద్ద చెప్పి ఉంటే? బోనో తన విశ్వాసమును దాచలేదు. 1999లో కీర్తనల గ్రంథమునకు ముందుమాట కూడ వ్రాశాడు. కాని స్టేడియములో వేలమందికి కీర్తన పాడించినవానికి, తప్పు చేసినప్పుడు చెయ్యి పట్టుకొని ఆపగల కాపరి ఆ రోజులలో లేకపోయాడు. కాపరులు ముందే తలుపు వేసుకున్నారు.

2019 డిసెంబరు 15న యూటూ మొదటిసారి మన దేశమునకు వచ్చి ముంబయిలో పాడింది. అది ఆగమనకాలపు మూడవ ఆదివారము. ఆ రోజు మా గుడిలో కీబోర్డు లేదు. ఆ తమ్ముడు వెళ్లిన తరువాత మేము పనిచేసిన మూడు సంఘములలోను కొత్త పిల్లలు నేర్చుకున్నారు, కొందరు బాగా వాయిస్తారు. ఆ రోజు మాత్రము వాయించేవాడు ముహూర్తమునకు వెళ్లాడు. మేము అడ్డు చెప్పలేదు. ఇప్పుడు ఎవరికీ అడ్డు చెప్పము. అడ్వాన్సు తీసుకుంటే పోయి వాయించి రమ్మంటాము, తాగేవారి మధ్య తాగవద్దని మాత్రము చెబుతాము. దీనిమీద మా పెద్దలలో ఇద్దరు ఇప్పటికీ మాతో ఏకీభవించరు. వారి బాధ కూడా నిజమైనదే.

ఈ వ్యాసము సగము వ్రాసి, మొన్న ఆ పాత ఊరికి వెళ్లాము. అతని తల్లి ఉన్నది, చూపు తగ్గింది. మా గొంతు పోల్చుకొని, "అయ్యగారా, రండి" అని చాప వేయించింది. కొడుకును గురించి మేము అడగకముందే, బాగున్నాడనీ, నెలనెలా డబ్బు పంపుతాడనీ, కోడలు మంచిదనీ చెప్పింది. గుడికి వెళ్తున్నాడా అని అడగడానికి మాకు నోరు రాలేదు. ఆ నాటి సంగతి ఆమెకు తెలుసో తెలియదో కూడా మేము అడగలేదు. టీ త్రాగి, ప్రార్థన చేసి, అతని ఫోను నంబరు వ్రాసుకొని వచ్చాము.

ఆ రాత్రి ఫోను చేశాము. ఎత్తాడు. మా పేరు చెప్పగానే ఒక్క క్షణము ఆగాడు. వెనుక ట్రంపెట్లు, డ్రమ్ములు, జనము కేకలు. "అయ్యగారూ, పెళ్లిలో ఉన్నాను, ఏమీ వినపడటం లేదు. నేనే చేస్తాను" అన్నాడు. ఆ "అయ్యగారూ" అన్న పిలుపు పదిహేనేళ్ల క్రిందటిదే.

ఇంకా చేయలేదు. శ్రావణమాసము కదా, ఈ నెల ముహూర్తములు ఎక్కువ. భాద్రపదము రాగానే మేమే మరల చేస్తాము.